గంప కింద డ్రోన్

పోయిన వారం మనం ఇవాంజెలిన్‌ని మహా ఇరకాటంలో వదిలేసి వచ్చాం. పూండి దాటాక సముద్రం వైపు, అలల చప్పుడు వినబడేంత దగ్గర్లో ఉన్న దాలమ్మ జీడితోటలో, మధ్యాహ్నం మూడు గంటల ఎండలో, చేతిలో రిమోట్ పట్టుకుని ఆ అమ్మాయి నిలబడి ఉంది. చుట్టూ కర్రలు పట్టుకున్న పదిమంది. వాళ్ళకి ముందు దాలమ్మకి అక్క కొడుకైన సూర్యం. డ్రోన్ మాత్రం ఇవాంజెలిన్ దగ్గర లేదు. భయపడి దాన్ని కిందికి దించగానే దాలమ్మ చటుక్కున కోళ్ళ గంప తెచ్చి దాని మీద బోర్లించింది. అంతటితో ఊరుకోకుండా గంప మీద ఓ రాయి కూడా పెట్టింది. ఎగిరేవాటిని ఎలా ఆపాలో ఆవిడకి ఒకరు నేర్పక్కర్లేదు.

కథలోకి మధ్యలో వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఇవాంజెలిన్ కాశీబుగ్గలో పెళ్ళిళ్ళకి డ్రోన్ ఎగరేసి వీడియోలు తీసే పిల్ల, బాప్టిస్టు సంఘంలో డీకన్ అంద్రెయ పెద్దకూతురు. చెల్లెలు జెస్సీ డిస్క్ గోల్ఫ్ ఆడుతుంది. బంతికి బదులు పళ్ళెం లాంటి బిళ్ళ. ఇనుప గొలుసులు వేలాడే బుట్టలోకి దాన్ని ఎన్ని తక్కువ విసుర్లలో పడేస్తే అంత గొప్ప. టెక్కలి కాలేజీలో ఆటలు నేర్పే ప్రేమ్ సాగర్ సార్ ఈ ఆటని ఈ వైపుకి తెచ్చాడు. జెస్సీ చేతిలో ఏదో ఉందని కనిపెట్టాడు. దాలమ్మని బతిమాలి ఒప్పించి ఆవిడ తోటలో తొమ్మిది బుట్టలు పాతించాడు. దేశం జట్టు ఎంపికకి పిలుపు రావాలంటే తొమ్మిది బుట్టల ఆటనీ పైనుంచి తీసి పంపాలట. ఒక్కో బుట్టకీ మొదటి విసురు నుంచి గొలుసు మోగేదాకా ఎక్కడా కోత పడకూడదట. గడువు ఈ రోజు సాయంత్రం ఆరు గంటలు. పొద్దుటి నుంచి ఎనిమిది బుట్టలు అయ్యాయి. తొమ్మిదోదీ, నిండుగా ఉన్న ఒకే ఒక్క బ్యాటరీ మిగిలాయి. సరిగ్గా అప్పుడే ఊరు లేచి వచ్చింది.

తప్పు ఇవాంజెలిన్‌దే అనుకోవాలి. బుట్టలకి ఒప్పుకున్న దాలమ్మకి డ్రోన్ సంగతి ఆమె చెప్పలేదు. చెప్పాలని తోచలేదు కూడా. పెళ్ళిపందిట్లో డ్రోన్ లేస్తే అందరూ మొహాలెత్తి నవ్వుతారు, ముసలాళ్ళు సైతం జుట్టు సవరించుకుంటారు. ఉద్దానంలో ఇప్పుడు డ్రోన్ కనిపిస్తే నవ్వేవాళ్ళు లేరని ఆమెకి ఈ రోజు దాకా తెలియదు.

"ఒలే, నిజం సెప్పు. ఎవులు పంపారు నిన్ను?" అడిగింది దాలమ్మ.

"ఎవులూ పంపలేదు మామ్మా. మా సెల్లి ఆట తీత్తన్నాను, అంతే."

"ఆటకి ఆకాశం ఎందుకే?"

ఇవాంజెలిన్ రిమోట్ వైపు చూసి, చెల్లెలి వైపు చూసి తడబడింది. ఆ తడబాటు చాలు సూర్యానికి.

"అలాగే సెప్తారు సిన్నమ్మా. అవతల ఊర్లో తేనెటీగల పెట్టెలు పెడతాం, సోటు సూసుకుంతాం అని ఎవులో నలుగురొచ్చి ఇదే ఎగరేసి భూమి కొలుసుకెల్లారు. మూడు నెల్లు తిరక్కండానే భూములు పోతాయని మాటొచ్చింది. ఇయ్యాల మనకాడికొచ్చింది. బద్దలుకొట్టీమంటావా?"

అంటూనే కర్రతో గంపని తాటించాడు. ఆ దెబ్బ తన వీపు మీద పడినట్టే ఉలిక్కిపడింది ఇవాంజెలిన్. ఆ గంప కింద ఉన్నది ఆమె కూడు. అంతకన్నా ఎక్కువ, చెల్లెలి అదృష్టం. జెస్సీ కాస్త దూరంలో జీడిచెట్టు మొదట నిలబడి, ఎర్రబిళ్ళని గుండెకి ఆనించుకుని, మాట్లాడకుండా ఎండ ఎటు వాలుతోందో చూస్తోంది. ఆ పిల్ల అడగడం నేర్చుకోలేదు. చిన్నప్పటి నుంచీ దాని వంతు కూడా అక్కే అడుగుతూ వచ్చింది.

"కొడితే కొట్టండి మావా," అంది ఇవాంజెలిన్. "కొట్టేముందు అది ఏటి సూత్తాదో మామ్మని సూడనియ్యండి. ఈ తెర మామ్మ కళ్ళముందే ఎట్టి ఎగరేత్తాను. మా ఆట కాకండా మరేటైనా తీత్తన్నాననిపిస్తే అప్పుడు మీ ఇష్టం."

దాలమ్మ ఆ అమ్మాయి మొహంలోకి చూసింది. చేపలబేరం ఆడేటప్పుడు చేప కంట్లోకి చూసినట్టు చూసింది. తర్వాత వంగి గంప మీది రాయి పక్కన పెట్టి, గంప ఎత్తింది.

"ఎగరెయ్యి. నాను సూత్తాను."

డ్రోన్ రెక్కలు గిర్రున తిరగబోయాయో లేదో, "పూత! పూత రాల్తాదే నీ అమ్మకడుపు సల్లగుండ!" అని దాలమ్మ అడ్డుపడింది. మాఘమాసం, జీడిచెట్లు విరగబూసి ఉన్నాయి. ఇవాంజెలిన్ నాలిక్కరుచుకుని డ్రోన్‌ని రెండు చేతులా ఎత్తుకుని చెట్ల మధ్య ఖాళీగా ఉన్న ఇసకమేటలోకి మోసుకెళ్ళింది. రిమోట్ తన చేతిలో ఉంచుకుని, దానికి తగిలించిన తెర దాలమ్మకి కనబడేట్టు ఆవిడ పక్కన భుజానికి భుజం తగిలేలా నిలబడింది. డ్రోన్ లేచింది. పదిమందీ కర్రలతో సహా రెండడుగులు వెనక్కి వేశారు.

ముందు తెర మీద ఇసుక కనిపించింది, తర్వాత కొమ్మలు, తర్వాత ఆకుపచ్చటి గుబుర్లు. అవి దాటేసరికి దాలమ్మ మొహం చిట్లించింది.

"ఇదెవులి తోటే?"

"మీదే మామ్మా."

"నాది కాదు. నాది ఇంత నేదు."

"మీదే. అదిగో మీ పెంకుటిల్లు. అదిగో నుయ్యి."

దాలమ్మ తల తెర మీదికి వంగింది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ ఆ చెట్ల కింద ఊడ్చింది, పిక్కలు ఏరింది, బిడ్డల్ని ఉయ్యాల కట్టి ఊపింది. ఏ చెట్టు ఏ ఏడు నాటారో, ఏ చెట్టు కాపు తియ్యనో, ఏ చెట్టు కింద పాము తిరుగుతుందో చీకట్లో అడిగినా చెప్పగలదు. కానీ ఆ చెట్ల నెత్తులు ఆవిడ ఎన్నడూ చూడలేదు. జీడిచెట్టు తన పూతంతా పైనా అంచులకే, ఎండ తగిలే వైపే పెట్టుకుంటుంది. కింద తిరిగేవాళ్ళకి దక్కేది రాలిన పూతే. ఇప్పుడు ఆ తోట తోటంతా ఆకాశానికి మొహమెత్తి, లేత గులాబి రంగు పూతతో, సముద్రం దాకా పరుచుకుని ఉంది. మధ్యలో తిత్లీ తుపానులో కూలిన కొబ్బరిచెట్ల ఖాళీ ఒకటి తెల్లటి ఇసకతో మెరుస్తోంది. ఆపైన నీలం. ఆ నీలానికి అంచు ఎక్కడో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు.

"ఓలమ్మో!" అంది దాలమ్మ. కొంగు తీసి కళ్ళు తుడుచుకుంది, తెర మసకేసిందనుకుని తెర కూడా తుడిచింది.

"ఇంత పూత పూత్తాదేటే ఇది? ఇన్నేళ్ళూ నాకాడ దాసిందేటే?"

సూర్యం ఆగలేకపోయాడు. పిన్ని భుజం మీంచి తొంగి చూశాడు. నోరు తెరిచినవాడు మూయడం మరిచిపోయాడు. వెనకాల పదిమందీ కర్రలు చెట్లకి ఆనించి ఒకర్నొకరు తోసుకుంటూ ముందుకొచ్చారు. మా ఇల్లేది, మా గడ్డివామేది, మా గేదేది అని అడగడం మొదలెట్టారు. ఇందాక బద్దలు కొడతామన్నవాళ్ళే కాస్త కిందికి దించు, ఇటు తిప్పు అని ఇవాంజెలిన్‌కి పని పురమాయించారు.

"నన్ను కనపర్సు," అంది దాలమ్మ ఉన్నట్టుండి.

కెమెరా నిటారుగా కిందికి తిరిగింది. ఇసకమేటలో చీమల్లా మనుషులు, వాళ్ళ నడుమ తెల్లచీర చుక్క. దాలమ్మ నెమ్మదిగా చెయ్యెత్తింది. చుక్కలోంచి చిన్న గీత లేచింది. చెయ్యి దించింది. గీత దిగింది. దాలమ్మ తలెత్తి ఆకాశంలోకి చూసింది, మళ్ళీ తెరలోకి చూసింది.

"దేముడికి మనం ఇంతే కనపడతామేటే?" అని అడిగింది. వేళాకోళం కాదు, నిజంగానే అడిగింది. డీకన్ గారి కూతురు అయి ఉండి కూడా ఇవాంజెలిన్ ఆ సంగతి ఎన్నడూ ఆలోచించలేదు. వందల పెళ్ళిళ్ళు తీసింది, ఒక్క మనిషి కూడా తన తెరలోకి ఇలా చూడలేదు.

"అక్కా, బ్యాటరీ!" జెస్సీ కేక వేసింది.

సగానికి సగం అయిపోయింది. దాలమ్మ తెరమీంచి కళ్ళు తీయకుండానే, "తియ్యవే, నీ సెల్లి ఆట తియ్యి. నాను కూడా సూత్తాను," అంది. సూర్యం గొంతు సవరించుకుని జనాన్ని పక్కకి జరిపాడు, ఆ ఏర్పాటంతా మొదటి నుంచీ తనదే అయినట్టు.

తొమ్మిదో బుట్ట తోటకి తూర్పు అంచున, మొగలి పొదలకి ఇవతల ఉంది. మూడు విసుర్లలో పడాలి. పడడం ఒక ఎత్తు, దాన్ని తీయడం ఇంకో ఎత్తు. పెళ్ళిళ్ళు తీసిన చేతికి ఒక జబ్బు ఉంటుంది. పెళ్ళికూతురి మొహం చట్రంలోంచి తప్పిపోకూడదు, తప్పిపోతే పెళ్ళివారు ఊరుకోరు. చర్చి మైదానంలో మొదటిసారి జెస్సీ ఆట తీసినప్పుడు కూడా ఇవాంజెలిన్ అదే చేసింది. చెల్లెలి మొహం చక్కగా వచ్చింది, నవ్వు వచ్చింది, చెవిపోగు మెరుపు కూడా వచ్చింది. బిళ్ళ మాత్రం ఎటుపోయిందో వీడియోలో లేదు. ప్రేమ్ సాగర్ సార్ అది చూసి నెత్తి కొట్టుకున్నాడు. మనిషిని వదిలెయ్యమ్మా, బిళ్ళ ఎక్కడికి వస్తుందో అక్కడికి నువ్వు ముందే వెళ్ళి ఉండు అన్నాడు. పొద్దుటి నుంచి ఎనిమిది బుట్టలకీ అలాగే పళ్ళ బిగువున నెట్టుకొచ్చింది. కానీ ఈ తొమ్మిదోచోట బిళ్ళ ఎక్కడికి వస్తుందో జెస్సీకే తెలియదు. మధ్యాహ్నం తిరిగాక అక్కడ గాలి మాట వినదు.

"ఆ సిబ్బి ఎటెల్తాదో సెప్పాలేటి?" అంది దాలమ్మ, జెస్సీ చేతిలోని బిళ్ళని చూపిస్తూ. "ఆ కొబ్బరిసెట్లు పడిపోయిన సందు ఉన్నాది సూడు. ఈ పూట సంద్రం గాలి అందులోంచే సొరబడతాది. సొరబడి ఎడంపక్కకి తిరగబడతాది. ఏటా ఆ నాలుగు సెట్ల పూతే ముందు రాల్తాది. సిబ్బి కూడా అక్కడే తిరుగుతాది. నీ ఈగని అక్కడెట్టు."

ఇవాంజెలిన్ చెల్లెలి వైపు చూసింది. జెస్సీ తల ఊపి, కుడివైపుకి మరో రెండడుగులు జరిగి నిలబడింది. డ్రోన్ వెళ్ళి కొబ్బరిచెట్ల సందు మీద నిలిచింది. చెల్లెలి మొహం తెరలో లేదు. ఖాళీ ఆకాశం, పూత నెత్తులు, అంతే. ఇవాంజెలిన్ వేళ్ళు వెనక్కి తిప్పాలని పీకాయి. బలవంతాన ఆపుకుంది.

జెస్సీ విసిరింది.

నీడలోంచి ఎర్రటి బిళ్ళ ఎండలోకి వచ్చింది. దాని చప్పుడు వినబడదు, బరువు ఉన్నట్టే ఉండదు. పూత మీదుగా, పూతకి తగలకుండా, తన నీడని చెట్ల నెత్తుల మీద పరిగెత్తించుకుంటూ సరాసరి కెమెరాలోకే వస్తున్నట్టు వచ్చింది. సందు దగ్గరికి రాగానే గాలి దాన్ని అందుకుంది. బిళ్ళ ఒక్కక్షణం ఆకాశంలో ఆగినట్టే ఆగి, పక్కకి ఒరిగి, దాలమ్మ చెప్పిన చోట, చెప్పినట్టే ఎడమకి తిరిగింది. డ్రోన్ దానితో పాటే తిరిగింది. తెరలో నేలా నీళ్ళూ ఆకాశమూ కలిసి ఒక్కసారి గిర్రున తిరిగి మళ్ళీ నిలబడ్డాయి. ఇసుకలో దిగిన బిళ్ళ సరిగ్గా చట్రం నడుమ ఉంది.

ఇవాంజెలిన్ కళ్ళ వెంట ఎందుకో నీళ్ళు కారాయి. ఇంత అందమైనది తన చేతుల్లోంచి ఎప్పుడూ రాలేదని ఆమెకి తెలుసు.

రెండో విసురు కొమ్మల కిందుగా పోయి మొగలి పొదల పక్కన ఆగింది. మూడోదానికి జెస్సీ మోకాలు నేలకి ఆనించి, పొదకి పక్కగా చేయి చాపి విసిరింది. గొలుసులు ఝల్లుమన్నాయి. బిళ్ళ బుట్టలో పడింది.

ఆ తర్వాత తోటలో లేచిన గోలకి కాకులు ఎగిరిపోయాయి. సూర్యం ఈల వేశాడు. దాలమ్మ ఇవాంజెలిన్ బుగ్గలు నొక్కి మెటికలు విరిచింది. నాలుగు కావస్తోంది, ఆరింటికి ఇంకా బోలెడు వ్యవధి. తొమ్మిది బుట్టలూ పూర్తయ్యాయి, ఎక్కడా కోత లేదు. ఇవాంజెలిన్ కాళ్ళు నేల మీద నిలవలేదు.

అప్పుడు రిమోట్ కీచుమంది. బ్యాటరీ అడుగంటింది. అలాంటప్పుడు డ్రోన్ ఎవరి మాటా వినదు. చెట్లు తగలకుండా తనంతట తానే నిటారుగా పైకి లేచి, బయల్దేరిన చోటుకి తిరిగొస్తుంది. లేచింది. ఈ రోజంతా ఇవాంజెలిన్ ఎగరేసినదానికి రెండింతల ఎత్తుకి లేచింది. కెమెరా ఇంకా కిందికే చూస్తోంది. తోట మొత్తం, ఈ చివర నుంచి ఆ చివరకి, తెరలో పట్టింది.

"మల్లీ సూపిత్తన్నావేటి?" అని దాలమ్మ మురిసిపోతూ వంగింది. ఇందాకటి కన్నా ఇప్పుడు ఆవిడకి చూడడం వచ్చు. అందుకే ముందు ఆవిడకే కనబడింది.

"ఆ మొగలి పొదల్లో తెల్లగా అవేటే?"

ఇవాంజెలిన్ చూసింది. పొదల లోపల, మనిషి దూరలేని ముళ్ళ మధ్య, సున్నం పూసిన హద్దురాళ్ళు. ఒకటి కాదు. వరసగా. అటు ఇసుక దిబ్బ వెనకాల కూడా ఉన్నాయి. ఇటు కంపకి ఆవల కూడా ఉన్నాయి. నేల మీద తిరిగేవాళ్ళకి ఎవరికీ కనబడని చోట్లు ఏరి ఏరి పాతారు. ఆ వరస నూతిని, పెంకుటింటిని, మొత్తం తోటని లోపల పెట్టుకుని ఒక గిరిలా చుట్టి వచ్చింది.

గిరి వంపు తిరిగిన ప్రతి మూలా ఏదో మెరుస్తోంది. ఇవాంజెలిన్ మెరుపుల్ని లెక్కపెట్టింది. అక్కర్లేదు, ఎన్నో ఆమెకి తెలుసు. తొమ్మిది. ఎండకి మెరుస్తున్నవి ఆట బుట్టల ఇనుప గొలుసులు. ఒక మూల నుంచి ఇంకో మూలకి, అంచు వెంబడి, ఎక్కడా కోత లేకుండా, పొద్దుటి నుంచి ఆమె తీసింది ఆటని ఒక్కదాన్నే కాదు, ఆ హద్దుని కూడా.

డ్రోన్ దిగి ఇసకలో కూర్చున్నా ఆమె దాని దగ్గరికి వెళ్ళలేదు.

"మామ్మా," అంది. "మావ అన్నదే నిజం. నాకు తెలీదు. నా మీద ఒట్టు మామ్మా, నాకు తెలీదు."

సూర్యం చెయ్యి చెట్టుకి ఆనించిన కర్ర వైపు పోయింది. దాలమ్మ కళ్ళతోనే ఆపింది. ఆవిడ మొహంలో ఇందాకటి వెలుగు ఇంకా పూర్తిగా ఆరలేదు. అదే ఇవాంజెలిన్‌ని ఎక్కువ కోసింది.

"బుట్టలు ఎక్కడెక్కడ పాతాలో సెప్పిందెవులే?"

"ప్రేమ్ సాగర్ సార్."

"ఈ బొమ్మలు ఎవులికి పంపుతావు?"

"ఆయనకే. ఆయన బెంగుళూరు పంపుతామన్నారు."

"పంపకపోతే?"

ఇవాంజెలిన్ బుట్ట దగ్గర గొలుసులు పట్టుకుని నవ్వుతున్న చెల్లెల్ని చూసింది. ఆ పిల్ల ఇన్నేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి కోరుకుంది. అది ఇది. ఆ ఎంపిక నిజమో కాదో ఇప్పుడు చెప్పగలిగేవాళ్ళు ఎవరు? నిజమైతే? పొద్దుటి నుంచి పడ్డ కష్టం, ఆ ఎర్రబిళ్ళ, ఆ గాలి, అన్నీ ఉత్తవే అయిపోతాయి. అయినా చెప్పింది.

"పంపను మామ్మా. తొమ్మిదీ మీ కళ్ళముందే సెరిపీత్తాను."

దాలమ్మ వచ్చి ఆ అమ్మాయి తల మీద చెయ్యి వేసింది. ఇవాంజెలిన్ తెర మీద మొదటి వీడియో తెరిచి, చెరిపెయ్యమని నొక్కబోయింది.

అంతలో జెస్సీ పరిగెత్తుకుంటూ వచ్చింది. చెవి దగ్గర ఫోను, మొహం నిండా నవ్వు, రొప్పుతో మాట రావడం లేదు.

"అక్కా, సార్! నువ్వేటీ పంపక్కర్లేదంట. మొదటిరోజు నీ తెరలో యాప్ ఎక్కించింది ఆయనే గదా, తీసినవి తీసినట్టే ఆయనకి వచ్చేత్తన్నాయంట. ఎనిమిదీ ఎప్పుడో అందీసాయంట. తొమ్మిదోది కూడా ఇప్పుడే సూసారంట. సానా బాగా తీసావని సెప్పమన్నారు అక్కా!"